లాయరమ్మ దాచిన దెబ్బ

"ఇది లెక్కలోకి రాదు! నీ మడమ నేలకి తగిలింది. నేను చూశాను!" అంది లాయరమ్మ.

"తగల్లేదు! మొత్తం ఫోము మీదే పడ్డాను!" అన్నాడు పిడుగు.

వాళ్ళ అసలు పేర్లు ఇవి కావు. స్కూల్లో ఇద్దరికీ చక్కటి పేర్లున్నాయి కానీ ఇంట్లో అవి ఎవరికీ గుర్తుండవు. అక్క ప్రతిదానికీ వాదిస్తుంది కాబట్టి లాయరమ్మ. స్నానం చెయ్యమంటే ఎందుకు అక్కర్లేదో బోలెడు కారణాలు చెప్పగలదు. తమ్ముడికి ఒక్కచోట కాలు నిలవదు కాబట్టి పిడుగు. అక్క ఆరో తరగతి, తమ్ముడు మూడో తరగతి.

వాళ్ళమ్మ సోఫాలు కుడుతుంది. మేడ మీద ఇల్లు, కింద షాపు. చిరిగిపోయిన సోఫాలు, కుంగిపోయిన కుర్చీలు ఏడుపు మొహాలతో వచ్చి, కొత్త బట్టలు తొడుక్కుని వెళ్తాయి. నాన్న వాటిని వ్యానులో ఎక్కించి ఎవరి ఇంటికి వాళ్ళకి చేరుస్తాడు.

ఆ శనివారం ఒక పెద్ద సోఫాని మెట్ల మీదుగా ఎక్కించాల్సి రావడంతో నాన్నకి సాయంగా అమ్మ కూడా వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"కొత్త ఫోము వచ్చింది. ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. కవరుంటే ఈ గచ్చు మీద సబ్బులా జారుతుంది. దాని జోలికి వెళ్ళకండి. లాయరూ, తమ్ముడు జాగ్రత్త. నీ మీద వదిలి వెళ్తున్నాను."

"నేనున్నాగా అమ్మా!" అంది లాయరమ్మ.

ఉంది. ఉండి ఏం చేసిందంటే, దూకే పోటీ పెట్టింది.

ఆ పిల్లలిద్దరూ ఫోము మధ్యే పెరిగారు. నడక రాకముందే ఫోము మీద దొర్లారు. ఫోము మీద పడితే దెబ్బ తగలదన్నది వాళ్ళకి రెండు రెళ్ళు నాలుగన్నంత నిజం. గుడ్డ కత్తిరించే పెద్ద టేబుల్ ఎక్కి, అక్కణ్ణుంచి ఫోము మీదకి దూకాలి. ఎవరు ఎక్కువ దూరం దూకితే వాళ్ళదే గెలుపు.

చిక్కేమిటంటే, పిడుగే గెలుస్తున్నాడు. మూడో తరగతి వాడి చేతిలో ఓడిపోవడం లాయరమ్మకి తలకొట్టేసినట్టుంది. వాడి మడమ గురించి వాదించి చూసింది. వాడు ఒప్పుకోలేదు. దాంతో టేబుల్ దిగి, ఫోము షీట్లని రెండు చేతులా పట్టుకుని ఇంకా దూరం లాగింది.

"ఇప్పుడు దూకు చూద్దాం, మొనగాడివైతే!"

పిడుగు దూకాడు. వాడి కాళ్ళు ఫోము అంచుని మాత్రమే అందుకున్నాయి. కవరు గచ్చు మీద సర్రున జారింది. ఫోము ముందుకి పోయింది, వాడు వెనక్కి పడ్డాడు. వాడి తల వెనుక భాగం టేబుల్ ఇనపకాలికి ఠంగుమని కొట్టుకుంది.

కాసేపు వాడు లేవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాడు కానీ ఎటో చూస్తున్నాడు.

"రేయ్! రేయ్ పిడుగూ!"

వాడు మెల్లగా లేచి కూర్చున్నాడు. ఏడవలేదు. "ఇప్పుడు నా వంతా అక్కా?" అన్నాడు.

"నీ వంతు ఇప్పుడే అయిందిగా!"

"ఓహో" అన్నాడు. కొంచెం ఆగి, "ఇప్పుడు నా వంతా?" అన్నాడు మళ్ళీ.

వేళాకోళం చేస్తున్నాడనుకుని లాయరమ్మ నవ్వింది. మూడోసారి అడిగేసరికి నవ్వు రాలేదు. వాడి జుట్టు పాయలు పాయలుగా విడదీసి వెతికింది. రక్తం లేదు. బొప్పి కూడా కట్టలేదు. అమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఏం చెప్పి వెళ్ళిందో కూడా గుర్తొచ్చింది. అంతే, బుర్రలో ఉన్న లాయరు నిద్రలేచాడు.

"చూడు. రక్తం వచ్చిందా? రాలేదు. బొప్పి కట్టిందా? కట్టలేదు. నువ్వేమైనా ఏడుస్తున్నావా? లేదు. అంటే దెబ్బ తగల్లేదన్నట్టే కదా! తగలని దెబ్బ గురించి అమ్మకి చెప్పి కంగారు పెట్టడం దేనికి? చెప్పకు. ఒట్టెయ్యి."

పిడుగు అక్క చేతిలో చెయ్యి వేశాడు. అక్క ఏం చెప్పినా వాడికి వేదమే.

అమ్మా నాన్నా వచ్చేసరికి ఫోము దాని చోట అది బుద్ధిగా ఉంది. పిడుగు ఒక పాత సోఫాలో ముడుచుకుని పడుకున్నాడు.

"ఏంటి, మన పిడుగు ఇవాళ పడలేదే ఎక్కడా?" అన్నాడు నాన్న నవ్వుతూ.

లాయరమ్మ ఫోము వైపు చూడకుండా తల తిప్పుకుంది. లైటు వేస్తే పిడుగు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

సాయంత్రం వాడు వాంతి చేసుకున్నాడు. అమ్మ వాడి మొహం కడుగుతూ, "ఏం తిన్నావురా?" అని అడిగింది.

వాడు నోరు తెరిచేలోగా లాయరమ్మ అందుకుంది. "బిస్కెట్లమ్మా! డబ్బా ఖాళీ చేసేశాడు. వద్దంటే వినలేదు."

నిజానికి ఆ డబ్బా ఖాళీ చేసింది లాయరమ్మే. అబద్ధం ఆడాలని ముందే అనుకుని ఆడలేదు. నాలుక దానంతటదే ముందుకి ఉరికింది.

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? కడుపా, చెరువా అది?" అని అమ్మ పిడుగుని కోప్పడింది. వాడు అక్క వైపు ఒకసారి చూశాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఆ తిట్లన్నీ తినేశాడు.

లాయరమ్మ గ్లాసెడు నీళ్ళు తెస్తానని చెప్పి అక్కణ్ణుంచి తప్పుకుంది.

ఆదివారమంతా పిడుగు పడుకునే ఉన్నాడు. కింద కుట్టుమిషను మోగితే దిండు చెవుల మీద పెట్టుకున్నాడు. "కడుపు ఇంకా కుదుటపడలేదు పాపం" అంది అమ్మ. లాయరమ్మ తలూపింది. ఒక అబద్ధం చెప్పాక తలూపడం ఎంత తేలికో!

సోమవారం వాడు స్కూలుకి వెళ్ళాడు. మంచినీళ్ళ కోసం సీసా పట్టుకుని వరండాలోకి వచ్చిన లాయరమ్మకి, మూడో తరగతి గది బయట తమ్ముడు కనిపించాడు. గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎండ మొహం మీద పడుతుంటే కళ్ళు చికిలించుకుంటున్నాడు. లోపలి నుంచి టీచరు గొంతు వినిపించింది.

"బోర్డు మీదది రాయమంటే బల్ల మీద తలపెట్టి పడుకుంటాడా! నిద్రపోవడానికి ఇల్లు లేదూ? కాసేపు బయట నిలబడితే మత్తు వదులుతుంది."

గదిలో పిల్లలు నవ్వారు. పిడుగు అక్కని చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. అయినా దగ్గరగా రమ్మని సైగ చేసి, గుసగుసగా అన్నాడు.

"నేనేం చెప్పలేదులే అక్కా."

ఆ మాటకి లాయరమ్మకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తలుపు పక్కనే ఉంది. లోపలికి వెళ్ళి టీచరుకి ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అది చెబితే ఫోము సంగతి చెప్పాలి, ఒట్టు సంగతి చెప్పాలి, బిస్కెట్ల సంగతి చెప్పాలి. సీసా గుండెలకి హత్తుకుని, నీళ్ళు పట్టుకోకుండానే గబగబా తన క్లాసుకి వెళ్ళిపోయింది. ఆ పూట పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

మధ్యాహ్నం స్కూలు నుంచి అమ్మకి ఫోను వెళ్ళింది. పిడుగు తల పట్టుకుని ఏడుస్తున్నాడనీ, నడుస్తుంటే తూలుతున్నాడనీ చెప్పారు. అమ్మా నాన్నా వ్యానులో వచ్చి, ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళారు.

క్లినిక్‌లో డాక్టరమ్మ పిడుగుని ఎత్తు మంచం మీద కూర్చోబెట్టారు. సన్నటి లైటుతో కళ్ళలోకి చూశారు.

"తలకేమైనా దెబ్బ తగిలిందా నాన్నా?"

పిడుగు అక్క వైపు చూశాడు. "లేదండీ" అన్నాడు.

"ఎక్కడైనా పడ్డావా?"

"లేదండీ."

"అదేం లేదు డాక్టరు గారూ, బిస్కెట్లు ఎక్కువ తిన్నాడు. అప్పటి నుంచే ఇలా" అంది అమ్మ.

డాక్టరమ్మ పిడుగు పొట్ట నొక్కి చూడబోయారు. వాడు బుద్ధిగా వెనక్కి పడుకున్నాడు. నొప్పి తలలో ఉంటే పొట్ట చూపిస్తున్నాడు, అదీ తన కోసం. లాయరమ్మ ఇంక చూడలేకపోయింది.

"తగిలింది" అంది.

ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే, నాన్న "ఏంటమ్మా?" అని వంగి అడగాల్సి వచ్చింది.

"తగిలింది. శనివారం. టేబుల్ ఇనపకాలికి తల కొట్టుకుంది. ఫోము నేనే దూరం జరిపాను. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. బిస్కెట్లు... వాడు తినలేదు. నేను తిన్నాను."

గదిలో అందరూ తననే చూస్తున్నారని తల ఎత్తకుండానే తెలిసింది. చెప్పులోంచి బయటికొచ్చిన తన బొటనవేలిని చూస్తూ నిలబడింది. ఏడుపొస్తోంది కానీ, ఏడిస్తే ఎవరైనా ఓదారుస్తారేమోనని భయమేసింది. ఓదార్పు తీసుకునే మొహం తనది కాదు.

డాక్టరమ్మ మాత్రం కంగారు పడలేదు. "పడ్డాక స్పృహ తప్పాడా? ఏమైనా వింతగా మాట్లాడాడా?" అని అడిగారు.

"అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగాడండీ. నా వంతా, నా వంతా అని."

డాక్టరమ్మ పిడుగుని గీత మీద నడిపించారు, ఒంటికాలి మీద నిలబెట్టారు. కొన్ని మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమన్నారు. వాడికి సగమే గుర్తున్నాయి. చేతులూ కాళ్ళూ, కళ్ళూ అన్నీ మరోసారి చూసి చెప్పారు.

"దీన్ని కంకషన్ అంటారు. గుడ్డుని గట్టిగా ఊపామనుకోండి. పెంకు పగలదు, లోపలి సొన మాత్రం అదిరిపోతుంది. మెదడు కూడా అంతే. పైకి రక్తం రాదు, బొప్పి కూడా కట్టకపోవచ్చు. స్పృహ తప్పకపోయినా సరే, లోపల దెబ్బ దెబ్బే."

పిడుగు బెదిరిపోయాడు. "నా సొన కారిపోతుందా?"

"కారదు నాన్నా!" డాక్టరమ్మ నవ్వారు. "దానికి విశ్రాంతి కావాలి, అంతే. అది మానుతుంది." అమ్మ వైపు తిరిగి, గొంతు మార్చి చెప్పారు. "కానీ శనివారమే తీసుకురావాల్సిందమ్మా. అదృష్టం బాగుంది. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరిగిపోతున్నా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా ఒక్క క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. ఇవేవీ లేవు కాబట్టి ఇంటికి తీసుకెళ్ళండి. పరుగులు వద్దు, గెంతులు వద్దు. టీవీ, ఫోను కొన్నాళ్ళు పక్కన పెట్టండి. ఇది మానకముందే ఇంకో దెబ్బ తగిలితే మాత్రం చాలా ప్రమాదం."

క్లినిక్ బయటికి వచ్చాక అమ్మ ఆగలేకపోయింది.

"ఏం వాదన వాదించావే! బిస్కెట్లంట! నీ మాట నమ్మి వాణ్ణే తిట్టాను. దెబ్బలూ వాడే తిన్నాడు, తిట్లూ వాడే తిన్నాడు. గోరంత విషయానికి గంటసేపు వాదిస్తావే, ఒక్క మాట చెప్పడానికి నీ నోరు ఎక్కడికి పోయింది?"

నాన్న పిడుగుని ఎత్తుకుని వ్యాను వైపు నడుస్తూ, వెనక్కి చూడకుండా అన్నాడు.

"దాన్నెందుకు అంటావు? నమ్మి వదిలి వెళ్ళాం చూడు, మనల్ని అనాలి."

అమ్మ తిట్లకన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లో పిడుగు గదికి అమ్మ ముదురు రంగు సోఫాగుడ్డ తెర కట్టింది. కుట్టుమిషను చప్పుడు వాడికి పడదు కాబట్టి, వాడు పడుకున్నంతసేపూ మిషను ఆపేసి చేత్తో కుట్టింది. మందపాటి గుడ్డలోంచి సూది లాగి లాగి ఆమె వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. లాయరమ్మ పక్కన కూర్చుని సూదుల్లోకి దారం ఎక్కించి ఇచ్చేది. అమ్మ తల ఎత్తకుండా తీసుకునేది.

ఎవరూ చెప్పకుండానే లాయరమ్మ ఒక పని చేసింది. మూడో తరగతి టీచరు దగ్గరికి వెళ్ళి, "టీచర్, ఆ రోజు మా తమ్ముడు బద్ధకంతో పడుకోలేదు. వాడి తలకి దెబ్బ తగిలింది. నాకు తెలుసు. వాడు బయట నిలబడి ఉంటే చూసి కూడా చెప్పకుండా వెళ్ళిపోయాను" అంది. టీచరు మొహం చిన్నబోయింది. "నేనైనా అడగాల్సింది" అన్నారు. వాడు తిరిగి వచ్చాక మొదట సగం పూటే కూర్చోబెట్టారు. కిటికీకి దూరంగా చోటిచ్చారు, బోర్డు మీదవన్నీ రాయమని తొందర పెట్టలేదు.

అయినా లాయరమ్మ మనసులో బరువు దిగలేదు. పిడుగు మంచం పక్కన కూర్చుని, "రేయ్, నీకు ఏం కావాలన్నా చేస్తాను. ఏదైనా సరే. ఒట్టు" అంది.

ఆ మాట అనడమే ఆలస్యం, పిడుగు మహారాజైపోయాడు. దిండు సర్దమన్నాడు. కథ చదవమన్నాడు. అయ్యాక నక్కలా ఊళ వెయ్యమన్నాడు.

"గట్టిగా వద్దు, తలనొప్పి. మెల్లగా ఊళ వెయ్యి."

మెల్లగా ఊళ వెయ్యడం ఎంత కష్టమో వేసినవాళ్ళకే తెలుస్తుంది. లాయరమ్మ వేసింది. వాడు నవ్వాడు. చాలా రోజుల తర్వాత వాడి నవ్వు విని ఆమెకి ఏడుపొచ్చింది.

మెల్లమెల్లగా వాడికి నెమ్మదించింది. తలనొప్పి పోయింది, ఆకలి వచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ చూసి, "ఇది మెట్లెక్కడం లాంటిది" అన్నారు. "ముందు నడక. ఏమీ లేకపోతే మెల్లగా పరుగు. ఆ తర్వాత గట్టి పరుగు. అన్నీ దాటి, నేను సరేనన్నాకే ఆట. ఏ మెట్టు దగ్గర తల నొప్పెట్టినా ఆగిపోవాలి, ఇంట్లో చెప్పాలి, మళ్ళీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి."

ఇంతలో స్కూల్లో ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గరపడింది. మూడో తరగతిలోని రెండు సెక్షన్ల మధ్య పోటీ. పిడుగు వాళ్ళ సెక్షన్ గోల్‌కీపరు. బంతి ఎటొస్తే అటు ఎగిరి పడతాడు. ఆ ఎగిరి పడడంలోనే ఉంది వాడి గొప్పంతా. నడక బాగానే సాగింది, మెల్లటి పరుగూ సాగింది. డాక్టరమ్మ చూసి, "బాగున్నాడు. ఇక గట్టి పరుగొక్కటే. అందులోనూ ఏమీ లేకపోతే ఆడొచ్చు. ఏ కాస్త నొప్పి ఉన్నా మ్యాచ్ లేదు" అని చెప్పారు.

"సందులో పరుగెత్తించి చూడాలి. ఎవరు చూస్తారు?" అన్నాడు నాన్న. "నేను చూస్తాను" అంది లాయరమ్మ.

"మళ్ళీ దానికేనా అప్పగించేది?" అన్నాడు నాన్న, అమ్మతో.

అమ్మ కూతురి వైపు కాసేపు చూసింది. "దానికే. ఈసారి చూద్దాం" అంది.

మ్యాచ్ ముందు రోజు సాయంత్రం పిడుగు సందు చివరిదాకా బాణంలా పరుగెత్తి వచ్చాడు. లాయరమ్మ చప్పట్లు కొట్టింది. వాడు ఆగలేదు, గోడ చాటుకి వెళ్ళి తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"తల బిగేసినట్టుంది. కొంచెమే అక్కా! అమ్మకి చెప్పకు."

"చెప్పాలిరా. డాక్టరమ్మ..."

"ఏం కావాలన్నా చేస్తానన్నావు. ఒట్టేశావు" అన్నాడు పిడుగు. వాడి కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. "నీ సంగతి నేను చెప్పానా? టీచరు బయట నిలబెట్టినా చెప్పలేదు. డాక్టరమ్మ అడిగినా చెప్పలేదు. ఇదొక్కటి నా కోసం చెయ్యవా?"

లాయరమ్మ వాడి పక్కనే చతికిలబడింది. వాడు అన్నదాంట్లో అబద్ధం ఏముంది? వాడి ముందు తను అసలు తల ఎత్తగలదా?

ఇంట్లోకి రాగానే అమ్మ అడిగింది. "ఎలా పరుగెత్తాడు?"

"బాణంలా పరుగెత్తాడమ్మా" అంది లాయరమ్మ.

అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. అలాంటి మాటలు లాయరమ్మకి బాగా వచ్చు. అమ్మ హాయిగా నవ్వి మిషను దగ్గరికి వెళ్ళింది. ఆ నవ్వు చూశాక లాయరమ్మకి అన్నం సయించలేదు.

మర్నాడు ఉదయం గ్రౌండ్‌లో పిల్లలంతా పోగయ్యారు. అమ్మా నాన్నా షాపు పని చూసుకుని మ్యాచ్ సమయానికి వస్తామన్నారు. పిడుగు గ్లవ్స్ తొడుక్కుని గోల్‌పోస్టు దగ్గర గెంతుతున్నాడు. గెంతిన ప్రతిసారీ కొంచెం మొహం చిట్లిస్తున్నాడు. అది అక్కకి మాత్రమే కనిపిస్తోంది.

ఆటల సార్ లాయరమ్మని పిలిచారు.

"ఏమ్మా, మీవాడు ఆడొచ్చా? నిన్న పరుగెత్తించి చూసింది నువ్వేనంట కదా? తలనొప్పి ఏమీ లేదుగా?"

పిడుగు గెంతడం ఆపాడు. అక్క వైపే చూస్తున్నాడు. క్లినిక్‌లో ఆ రోజు చూసినట్టే చూస్తున్నాడు. వాడి వెనక జట్టంతా నిలబడి ఉంది.

బంతి బలంగా వస్తుంది. వాడు ఎగిరి పడతాడు. పోస్టు ఇనపదే.

"ఉంది సార్" అంది లాయరమ్మ. "ఆడించకండి."

సార్ వెంటనే విజిల్ ఊది పిడుగుని బయటికి పిలిచారు. వాడు వచ్చాడు. గ్లవ్స్ ఊడదీసి అక్క మీదకి విసిరికొట్టాడు.

"నేను చెప్పలేదు కదా! నిన్ను నేను పట్టివ్వలేదు కదా! నువ్వెందుకు చెప్పావు? ఒట్టు తప్పావు! నువ్వు మా అక్కవి కాదు!"

జట్టులోని పిల్లలు కూడా గుర్రుగా చూశారు. "మీ అక్క చెడగొట్టేసింది" అన్నాడు ఒకడు. లాయరమ్మ కిందపడిన గ్లవ్స్ తీసి దులిపింది. నిజానికి చెప్పడానికి మాటలు చాలానే ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పినవన్నీ వరసపెట్టి చెబితే ఎవరూ నోరెత్తలేరు. కానీ ఒక్కటీ చెప్పలేదు. వాడి కోపం వాడిది. వాడికి అంత అన్యాయం చేశాక వాదించి గెలవడానికి ఆమెకి మనసు రాలేదు.

పిడుగు మెట్ల మీద నీడలో, అక్కకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె ఒక మెట్టు కింద కూర్చుంది. ఆట మొదలైంది. పిడుగు స్థానంలో నిలబడిన బొద్దు పిల్ల బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటోంది. గోలు మీద గోలు పడుతోంది. పడినప్పుడల్లా పిడుగు వెక్కుతున్నాడు.

కాసేపటికి వాడు అటే తిరిగి ఉండి, "అరుపులు పడట్లేదు" అన్నాడు. లాయరమ్మ తన స్కార్ఫ్ తీసి ఇచ్చింది. వాడు తీసుకుని చెవులకి చుట్టుకున్నాడు.

అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. అమ్మా నాన్నా గ్రౌండ్‌లోకి వచ్చి, గోల్‌పోస్టు దగ్గర ఎవరో పిల్లని చూసి కంగారుగా వెతికారు. ఆటల సార్ ఎదురెళ్ళారు.

"ఏం కాలేదండీ, బాబు కూర్చున్నాడు. తల నొప్పెడుతోందంట, తీసుకెళ్ళి చూపించండి. మీ అమ్మాయిని మెచ్చుకోవాలి. జట్టంతా చూస్తూ నిలబడి ఉన్నా, తెలిసిన వెంటనే నాతో చెప్పేసింది."

అమ్మ మొహం విప్పారింది. గబగబా వచ్చి పిడుగు నుదురు తడిమి చూసింది. ఆ తర్వాత, ఇన్ని రోజుల్లో మొదటిసారి, లాయరమ్మ తల మీద చెయ్యి వేసింది.

"మంచి పని చేశావమ్మడూ" అంది. నాన్న కూడా నవ్వాడు. "మళ్ళీ మన లాయరమ్మ మనకి దొరికింది" అన్నాడు.

ఈ చెయ్యి కోసమే కదా ఇన్నాళ్ళూ ఎదురుచూసింది! వెచ్చగా ఉంది. నిన్నటి సంగతి పిడుగుకి, తనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. పిడుగు ఎలాగూ చెప్పడు. ఊరుకుంటే సరిపోతుంది.

"వెంటనే కాదమ్మా" అంది లాయరమ్మ.

"ఏంటి?"

"సార్ అన్నట్టు వెంటనే చెప్పలేదు. నిన్న సాయంత్రమే నొప్పి వచ్చింది. నేను చూశాను. నువ్వు అడిగితే, బాణంలా పరుగెత్తాడని చెప్పాను. నొప్పి సంగతి దాచాను."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. నాన్న మొహంలో నవ్వు పోయింది. పిడుగు ఇటు తిరిగాడు. చెవుల మీద స్కార్ఫ్ పక్కకి జరిపి వింటున్నాడు.

"వాడు చెప్పొద్దన్నాడా?" అని అడిగింది అమ్మ.

అమ్మే దారి చూపించింది. అవును, వాడే అన్నాడు, వాడే ఒట్టు గుర్తు చేశాడు అంటే చాలు.

"వాడు చిన్నవాడమ్మా. నాకు తెలుసు. నేనే చెప్పాల్సింది."

సిగ్గుతో మొహం మండిపోతున్నా ఈసారి నేలచూపులు చూడలేదు. అమ్మ కళ్ళలోకే చూస్తూ, నిన్న గోడ చాటున తల ఎక్కడ నొప్పెట్టిందో, ఎంతసేపు ఉందో, పొద్దున గెంతినప్పుడు వాడు మొహం ఎలా చిట్లించాడో, డాక్టరమ్మకి చెప్పాల్సినవన్నీ ఒకటీ వదలకుండా చెప్పడం మొదలుపెట్టింది.